క్విజ్‌బౌల్ టోర్నమెంట్‌కి మీ టీమ్ తొలి ప్యాకెట్ రాయడం ఎలా

క్విజ్‌బౌల్ అంటే బజర్ నొక్కి ఆడే క్విజ్ పోటీ. ప్యాకెట్ సబ్‌మిషన్ టోర్నమెంట్‌లో ఆడాలంటే ముందుగా మీ యూనివర్సిటీ టీమ్ ప్రశ్నలు రాసి పంపాలి. వచ్చే టీమ్‌లు తలా ఒక ప్యాకెట్, అంటే ఒక ఆటకి సరిపడే ప్రశ్నల కట్ట, రాస్తాయి. ఎడిటర్లు వాటిని దిద్ది, కలిపి, రౌండ్లుగా కూరుస్తారు. ఎవరు రాసిన ప్రశ్నలు వాళ్ల ముందు చదవరు కాబట్టి, మీరు రాసేదంతా ఎదుటివాళ్ల కోసమే. నెలల తరబడి చదువుకుని, దూరం నుంచి ప్రయాణం చేసి వచ్చినవాళ్లకి అర్థం లేని ప్రశ్న ఎదురైతే ఆ చదువంతా వృథా అయినట్టే. అందుకని ఈ పని చివరి రెండు రాత్రుల్లో ముగించేది కాదు.

ఆట తెలిసినవాళ్లు ఈ పేరా వదిలేయొచ్చు. రెండు టీమ్‌లు, ఒక్కో వైపు నలుగురు, అందరి చేతిలో బజర్. ప్రశ్నలు చదివే మోడరేటర్ టాసప్ (రెండు టీమ్‌లూ పోటీపడే ప్రశ్న) చదువుతుంటే ఎవరైనా మధ్యలోనే నొక్కి జవాబు చెప్పొచ్చు. ఒప్పయితే 10 పాయింట్లు. ప్రశ్న పూర్తికాకముందే నొక్కి తప్పు చెబితే 5 పోతాయి, దాన్నే నెగ్ అంటారు. టాసప్ గెలిచిన టీమ్‌కి మూడు భాగాల బోనస్ వస్తుంది, భాగానికి 10 చొప్పున. బోనస్‌లో టీమ్ మొత్తం చర్చించుకోవచ్చు. 20 టాసప్‌లు, 20 బోనస్‌లు కలిస్తే ఒక ప్యాకెట్. ఎన్‌ఏక్యూటీ, ఏసీఎఫ్ అనేవి అమెరికాలో క్విజ్‌బౌల్ నడిపే సంస్థలు. ఎన్‌ఏక్యూటీ ప్రశ్నల్లో త్వరగా నొక్కినవాళ్లకి 10కి బదులు 15 పాయింట్లు వస్తాయి, దాన్నే పవర్ అంటారు. ఏసీఎఫ్ టోర్నమెంట్లలో అది ఉండదు.

మామూలు క్విజ్‌లో ప్రశ్న ఒక వాక్యం: తెలుసా, తెలియదా అంతే. టాసప్ ఒక పేరా. దాంట్లోని క్లూలన్నీ ఒకే జవాబు వైపు చూపిస్తాయి, ముందు బాగా కష్టమైనవి, చివరికి అందరికీ తెలిసినవి. ఎక్కువ తెలిసినవాడు రెండో వాక్యంలో నొక్కుతాడు, కొంచెం తెలిసినవాడు ఐదో వాక్యం దాకా ఆగుతాడు. ఈ తేడాని నిజాయితీగా బయటపెట్టడమే టాసప్ పని. కాబట్టి రాస్తున్నంతసేపూ ప్రతి వాక్యం దగ్గర ఆగి ఒకటే అడగండి: ఇక్కడ నొక్కేది ఎవరు? జవాబు దొరకకపోతే ఆ వాక్యం మారాలి.

1. ముందు చదవండి

మీరు వెళ్తున్న టోర్నమెంట్ పాత సెట్లు సంపాదించండి. కాలేజీ స్థాయి పాత ప్యాకెట్లు చాలావరకు ఉచితంగానే దొరుకుతాయి. కళ్లతో చదివి వదిలేయకుండా, టీమ్ అంతా కూర్చుని ఒకరు చదువుతుంటే మిగతావాళ్లు ఆడండి. ఏసీఎఫ్ ఫాల్ కొత్తవాళ్లని దృష్టిలో పెట్టుకుని రాసేది, ఏసీఎఫ్ నేషనల్స్ ఏసీఎఫ్ టోర్నమెంట్లలో అన్నిటికన్నా కష్టమైన మెట్టు. ఈ రెండిటి ప్యాకెట్లు పక్కపక్కన పెట్టి చూస్తే కష్టం ఎక్కడ పెరుగుతుందో మీకే కనబడుతుంది. తొలిసారి రాసేవాళ్లు దాదాపు అందరూ అవసరమైనదానికన్నా కష్టంగానే రాస్తారు. ప్రకటనలో ఇచ్చిన స్థాయికన్నా కొంచెం తేలిగ్గా రాస్తున్నామనిపిస్తే మీరు సరైన చోటే ఉన్నట్టు.

2. పని పంచుకోండి

ఏ సబ్జెక్టు ఎన్ని ప్రశ్నలో ముందే ఖాయం చేసి ఉంటారు. ఏసీఎఫ్ తరహా ప్యాకెట్‌లో ఇరవై టాసప్‌లలో సాహిత్యం 4, చరిత్ర 4, సైన్స్ 4, కళలు 3. మతం, పురాణగాథలు, తత్వశాస్త్రం, సామాజిక శాస్త్రాలు ఒక్కొక్కటి. మిగిలిన ఒకటి భూగోళం, వర్తమాన వ్యవహారాల వంటి వాటికి. బోనస్‌లకీ ఇదే లెక్క. సైన్స్ నాలుగులో బయాలజీ, కెమిస్ట్రీ, ఫిజిక్స్ ఒక్కొక్కటి పోగా నాలుగోది గణితం, ఖగోళం, కంప్యూటర్ సైన్స్, భూశాస్త్రం లాంటివాటిలోంచి వస్తుంది.

ఎవరి సబ్జెక్టు వాళ్లకి ఇవ్వండి. ముఖ్యంగా సైన్స్ విషయంలో ఇది గట్టిగా చెబుతున్నాను. సైన్స్ చదవనివాళ్లు సైన్స్ ప్రశ్న రాస్తే అది శాస్త్రవేత్త ఎక్కడ పుట్టాడు, ఎవరితో గొడవపడ్డాడు అనే జీవితచరిత్రగా మారిపోతుంది. ల్యాబ్‌లో గంటలు గడిపిన విద్యార్థికి ఆ ప్రశ్నలో నొక్కడానికి ఏమీ మిగలదు. మీ టీమ్‌లో ఆ సబ్జెక్టు చదివేవాళ్లు ఎవరూ లేకపోతే పాఠ్యపుస్తకంలో ఒక అధ్యాయం పూర్తిగా చదివి, లెక్కలు చేసి, ఆ తర్వాత రాయండి.

ఒక షీట్‌లో అందరి జవాబులూ ఒకచోట రాసుకోండి. నాలుగు చరిత్ర ప్రశ్నలూ ఐరోపా యుద్ధాలే అయ్యాయా, సాహిత్యమంతా ఒకే శతాబ్దం నుంచి వచ్చిందా, రెండు బోనస్‌లు ఒకే దేశం చుట్టూ తిరుగుతున్నాయా అన్నది ఆ షీట్ చూస్తేనే తెలుస్తుంది. ఒక ప్రశ్న జవాబు ఇంకో ప్రశ్నలో క్లూగా వస్తే ఆ ప్యాకెట్ అక్కడికక్కడే పాడైనట్టు.

3. జవాబు ఎంచుకోండి

జవాబు తేలిగ్గా ఉండాలి, దాని దాకా వెళ్లే దారి లోతుగా ఉండాలి. కొత్తగా రాసేవాళ్లు దీన్ని తలకిందులు చేస్తారు. ఎవరూ వినని ఒక చిన్న యుద్ధాన్ని జవాబుగా పెడితే, ప్రశ్న చివరిదాకా చదివినా గదిలో నిశ్శబ్దమే. ఆ టాసప్ ఎవరినీ ఎవరితోనూ పోల్చలేదు. అదే యుద్ధాన్ని, అందరికీ తెలిసిన రాజు గురించిన టాసప్‌లో మొదటి క్లూగా పెట్టండి. ఆ యుద్ధం గురించి చదివినవాడికి ప్రతిఫలం దక్కుతుంది, చదవనివాడికి చివర్లో అవకాశం ఉంటుంది.

సాధారణ స్థాయి టోర్నమెంట్‌కి, టాసప్ చివరి వాక్యం విన్నాక ప్రతి గదిలో ఎవరో ఒకరు జవాబు చెప్పగలగాలని అనుకుని మొదలుపెట్టండి. ఇంకో పరీక్ష కూడా ఉంది. ఆ జవాబు గురించి ఆరు వేర్వేరు క్లూలు చెప్పగలరా? చెప్పలేకపోతే అది బోనస్‌లో ఒక భాగానికి సరిపోతుందేమో గాని టాసప్‌కి చాలదు.

4. క్లూలు పోగుచేయండి

ఎన్‌సైక్లోపీడియా పేజీ తెరిచి పై నుంచి కిందికి దింపుకుంటూ పోతే ప్రశ్న తయారవుతుంది. కానీ ఆ పేజీ ఇంతకుముందు చాలామంది తెరిచారు. పాత ప్యాకెట్లలో పదేపదే వచ్చే క్లూలని ఆటగాళ్లు బట్టీపట్టి ఉంటారు. వాటిని మొదటి వాక్యాల్లో పెడితే గెలిచేది ఆ విషయం చదివినవాడు కాదు, ప్యాకెట్లు బట్టీపట్టినవాడు. కాబట్టి అసలు చోటికి వెళ్లండి: నవలయితే నవల, చిత్రమైతే ఆ చిత్రమే చాలాసేపు చూడండి, సిద్ధాంతమైతే పాఠ్యపుస్తకం, చరిత్రయితే ఆ కాలం మీద ఒక మంచి పుస్తకం. అప్పటికే మీరు చదివి ఇష్టపడ్డ వాటిలోంచి తీసిన క్లూలే అన్నిటికన్నా బాగుంటాయి, ఎందుకంటే ఏది ముఖ్యమో మీకు అప్పటికే తెలుసు.

పనికొచ్చే క్లూకి మూడు గుణాలుండాలి. మొదటిది, అది ఆ జవాబుకి మాత్రమే సరిపోవాలి. "దీనికి ఘాటైన వాసన ఉంటుంది" అంటే డజను పదార్థాలు గుర్తొస్తాయి, ధైర్యం చేసి నొక్కినవాడికి అన్యాయంగా నెగ్ పడుతుంది. రెండోది, ఆ విషయాన్ని నేర్చుకునేవాళ్లకి అది ఎక్కడో ఒకచోట నిజంగా తారసపడాలి. పుట్టిన తేదీ, తోబుట్టువుల పేర్లు, పెంపుడు కుక్క పేరు వంటివి నిజమే అయినా ఎవరూ నేర్చుకోరు. మూడోది, అది నిజం కావాలి. ప్రతి క్లూనీ రెండోచోట సరిచూసుకుని, ఎక్కడ దొరికిందో డాక్యుమెంట్‌లో పక్కనే కామెంట్‌గా రాసిపెట్టండి. ఎడిటర్‌కి సందేహం వచ్చినప్పుడు ఆ ఒక్క కామెంట్ ఉంటే మీ ప్రశ్న బతుకుతుంది, లేకపోతే ఆ వాక్యం కొట్టేస్తారు.

5. టాసప్ రాయండి

టోర్నమెంట్‌కి రాసేది ఇంగ్లీషులోనే, సాధారణంగా ఆరు నుంచి ఎనిమిది లైన్లు. పద్ధతి కనబడేందుకు ఒకటి తెలుగులో రాస్తున్నాను.

"1954లో చార్లెస్ టౌన్స్ బృందం ప్రకటించిన తొలి మేసర్, ఈ సమ్మేళనంలో 24 గిగాహెర్ట్జ్‌కి దగ్గరగా జరిగే పరివర్తన ఆధారంగా పనిచేసింది. ఈ సమ్మేళనాన్ని ద్రవంగా మార్చి అందులో క్షార లోహాలని కరిగిస్తే, విడిపోయిన ఎలక్ట్రాన్ల వల్ల ద్రావణం ముదురు నీలంగా కనిపిస్తుంది. బెంజీన్‌ని 1,4-సైక్లోహెక్సాడయీన్‌గా మార్చే బర్చ్ రిడక్షన్‌లో ఇదే ద్రావణి. ఆస్ట్‌వాల్డ్ పద్ధతిలో ఈ సమ్మేళనాన్ని ప్లాటినం, రోడియం ఉత్ప్రేరకం మీద ఆక్సీకరణం చేసి నైట్రిక్ ఆమ్లం తయారుచేస్తారు. ఇనుము ఉత్ప్రేరకంగా, అధిక పీడనం కింద జరిగే హేబర్-బాష్ పద్ధతిలో తయారయ్యే, 10 పాయింట్లకు, ఎన్‌హెచ్3 ఫార్ములా గల ఈ సమ్మేళనం ఏది?"

జవాబు అమ్మోనియా. ఇప్పుడు వాక్యం వాక్యం దగ్గర ఆగి అదే ప్రశ్న వేయండి. మేసర్ దగ్గర నొక్కేది స్పెక్ట్రోస్కోపీనో లేజర్ల చరిత్రనో చదివినవాడు. నీలి ద్రావణం దగ్గర ఇనార్గానిక్ కెమిస్ట్రీ కోర్సు చేసినవాడు. బర్చ్ రిడక్షన్ పేరు వినగానే ఆర్గానిక్ కెమిస్ట్రీ గుర్తున్నవాడు. ఆస్ట్‌వాల్డ్ దగ్గర పరిశ్రమల కెమిస్ట్రీ తెలిసినవాడు. హేబర్-బాష్ స్కూలు పాఠమే, ఫార్ములా అందరిదీ. అయిదు మెట్లు, అయిదు రకాల మనుషులు. ఎవరూ ఊహించి గెలవలేదు.

"సమ్మేళనం" అన్న మాట ఎంత పని చేస్తోందో చూడండి. మేసర్ అనగానే హైడ్రోజన్ మేసర్ గుర్తొచ్చేవాళ్లు ఉంటారు. హైడ్రోజన్ మూలకం కాబట్టి ఆ ఒక్క మాట వాళ్లని నెగ్ నుంచి కాపాడుతుంది. జవాబు ఏ కోవకి చెందుతుందో (సమ్మేళనం, రాజు, నది, నాటకం) మొదటి వాక్యంలోనే, వీలైనంత ముందుగా చెప్పేయాలి. వాక్యంలో సగం గడిచినా మనిషిని అడుగుతున్నారో ఊరిని అడుగుతున్నారో తేలకపోతే, క్లూ తెలిసినవాడు కూడా చెయ్యి వెనక్కి తీసుకుంటాడు.

మరీ ఎక్కువ చెప్పినా ప్రమాదమే. "హైడ్రోజన్ పరమాణువులు మూడున్న ఈ సమ్మేళనం" అని మొదటి వాక్యంలో రాస్తే ఇంకేమీ తెలియకుండానే సగం మంది సరిగ్గా ఊహిస్తారు. ప్రశ్న పారదర్శకమైపోతుంది. ఆస్ట్‌వాల్డ్ వాక్యం తీసేసి బర్చ్ నుంచి నేరుగా హేబర్-బాష్‌కి దూకినా చిక్కే. అక్కడ మెట్టు లేదు, కొండ అంచు ఉంది. రెండు టీమ్‌లూ ఒకే మాట దగ్గర ఒకేసారి నొక్కుతాయి, గెలిచేది వేలి వేగం. మధ్య క్లూలు రాయడం మొదటి క్లూ రాయడంకన్నా కష్టం. అందరూ లీడిన్ (మొదటి క్లూ) మీద గంటలు పెట్టి మధ్య భాగాన్ని తొందరగా నింపేస్తారు. కానీ అసలు ఆటంతా జరిగేది ఆ మూడు, నాలుగో వాక్యాల్లోనే.

పవర్ ఉన్న టోర్నమెంట్ అయితే ఈ ప్రశ్నలో బర్చ్ రిడక్షన్ వాక్యం అయిపోయాక పవర్ ముగిసే గుర్తు పెడతాను. ఆస్ట్‌వాల్డ్ నుంచి మొదలయ్యేది చాలామందికి తెలిసిన భాగం.

6. ఆన్సర్‌లైన్

ఆన్సర్‌లైన్ అంటే ప్రశ్న కింద జవాబు రాసే వరస. మోడరేటర్‌కి కెమిస్ట్రీ తెలియకపోవచ్చు. ఆటగాడు అనగలిగే ప్రతి మాటకీ ఏం చేయాలో మీరే రాసిపెట్టాలి. పై ప్రశ్నకి: అమ్మోనియా తప్పనిసరి, "ఎన్‌హెచ్3", "ద్రవ అమ్మోనియా" ఒప్పుకోండి, "అమ్మోనియం" ఒప్పుకోవద్దు, అది అయాన్. జవాబులో తప్పనిసరిగా రావలసిన మాటని బోల్డ్ చేసి అండర్‌లైన్ చేయడం ఆనవాయితీ.

అసంపూర్ణమైన జవాబుకి ప్రాంప్ట్ ఇవ్వాలి. "రూజ్‌వెల్ట్" అంటే అమెరికా అధ్యక్షులు ఇద్దరున్నారు కాబట్టి మోడరేటర్ "ఇంకొంచెం స్పష్టంగా" అని అడగాలి. ఒక పేరు ప్రశ్నలోనే తర్వాత వస్తుందనుకోండి, అది చదివేదాకా ఆ పేరు ఒప్పుకుని ఆ తర్వాత ఒప్పుకోవద్దని రాయాలి. పలకడం కష్టమైన పేర్ల పక్కన ఉచ్చారణ ఇవ్వండి. మోడరేటర్ తడబడితే, పేరు తెలిసిన ఆటగాడు దాన్ని గుర్తుపట్టక నష్టపోతాడు.

7. బోనస్ రాయండి

బోనస్‌లో మూడు భాగాలు: ఒకటి తేలిక, ఒకటి మధ్యస్థం, ఒకటి కష్టం. ఏ వరసలోనైనా రావొచ్చు. పది టీమ్‌లలో తొమ్మిది తేలిక భాగం చెప్పాలి, సగం టీమ్‌లు మధ్యస్థం చెప్పాలి, కష్టమైనది ఒక టీమ్ చెప్పాలి అన్నది అందరూ పెట్టుకునే గురి. అలా కుదిరితే బోనస్ సగటు 15 పాయింట్ల దగ్గర నిలుస్తుంది.

ముప్పై ఏళ్ల యుద్ధం మీద ఒకటి చూద్దాం. లీడిన్: 1618లో ప్రాగ్‌లో చక్రవర్తి ప్రతినిధులని కోట కిటికీలోంచి విసిరేయడంతో ఈ యుద్ధం మొదలైంది. తేలిక భాగం: వెస్ట్‌ఫేలియా శాంతి ఒప్పందంతో ముగిసిన ఈ యుద్ధం పేరు. మధ్యస్థం: 1632లో లూట్సెన్ దగ్గర పోరాడుతూ చనిపోయిన స్వీడన్ రాజు, అంటే గుస్తావస్ అడాల్ఫస్. కష్టం: 1552 తర్వాత ప్రొటెస్టెంట్ల చేతికి వెళ్లిన చర్చి ఆస్తులని తిరిగి ఇవ్వాలంటూ రెండో ఫెర్డినాండ్ 1629లో వెలువరించిన శాసనం, అంటే ఎడిక్ట్ ఆఫ్ రెస్టిట్యూషన్.

తేలిక భాగంలో 1648 అన్న సంవత్సరం కావాలనే పెట్టలేదు. 1618, 1648 రెండూ ఇస్తే తీసివేత చేసి యుద్ధం పేరు చెప్పేయొచ్చు, చరిత్ర అక్కర్లేదు. ఇలాంటి పక్కదారులు ప్రతి బోనస్‌లోనూ వెతకండి. కష్టమైన భాగాన్ని ఎంచుకున్న కారణం కూడా గమనించండి. ఆ శాసనం యుద్ధాన్ని మలుపు తిప్పింది, ఆ యుద్ధం గురించి గట్టిగా చదివిన ఎవరికైనా ఎదురవుతుంది. కష్టం కోసం ఏదో సైన్యంలో ఒక రెజిమెంట్ కమాండర్ పేరు అడగొచ్చు, కానీ అది తెలియడం వల్ల ఎవరి చరిత్రజ్ఞానమూ రుజువు కాదు.

అన్నిటికన్నా ఎక్కువగా తప్పేది తేలిక భాగమే. రాసేవాళ్లకి తేలిగ్గా కనిపించేది ఆడేవాళ్లకి తేలిక కాకపోవచ్చు. టాసప్ కష్టపడి గెలిచిన బలహీన టీమ్ చేతికి సున్నా రాకూడదు.

8. పైకి చదవండి, ఆడించండి

రాసిన ప్రతి ప్రశ్ననీ గొంతెత్తి చదవండి. ఊపిరి అందని వాక్యాన్ని రెండు చేయండి. బజర్ ఆటలో వినేవాడు వెనక్కి తిరిగి చదువుకోలేడు. ఒక వాక్యంలో ఒక క్లూ ఉంటే చాలు, ఇంకోటి కావాలంటే ఇంకో వాక్యం.

తర్వాత టీమ్‌లో ఆ ప్రశ్న చూడనివాళ్లకి చదివి ఆడించండి. టోర్నమెంట్‌కి రానివాళ్లు, పాత ఆటగాళ్లు అయితే ఇంకా మంచిది. ఎవరు ఎక్కడ నొక్కారో మాటతో సహా గుర్తు పెట్టుకోండి. ముగ్గురు వేర్వేరు మనుషులు ఒకే మాట దగ్గర నొక్కితే అక్కడ అంచు ఉంది. ఒకరు మొదటి వాక్యంలోనే తప్పు జవాబు చెబితే, ముందు ఆ జవాబు నిజంగా సరిపోతుందా అని చూడండి. వాళ్లు చెప్పింది సరిపోతే దోషం క్లూది, వాళ్లది కాదు. రాసినవాళ్లు అక్కడ వాదించకూడదు. టోర్నమెంట్ గదిలో మీ వివరణ వినడానికి మీరు ఉండరు.

9. పంపండి

గడువుకన్నా ముందే పంపండి. చాలా టోర్నమెంట్లు త్వరగా పంపినవాళ్లకి ఎంట్రీ ఫీజు తగ్గిస్తాయి, ఆలస్యమైతే పెంచుతాయి. అంతకన్నా పెద్ద లాభం ఇంకోటి ఉంది. రెండు టీమ్‌లు ఒకే జవాబు మీద రాస్తే సాధారణంగా ముందు వచ్చినదానికే చోటు దొరుకుతుంది, ఎడిటర్లకి దాని మీద పనిచేసే సమయమూ ఉంటుంది. మీ ప్రశ్నల్లో సగమే చివరిదాకా నిలవొచ్చు, నిలిచినవి గుర్తుపట్టలేనంత మారిపోవచ్చు. అది మామూలే.

పంపాక ఆ ప్రశ్నల గురించి బయట ఎవరితోనూ మాట్లాడకండి. ఒకే సెట్‌ని వేర్వేరు ఊళ్లలో వేర్వేరు వారాల్లో ఆడతారు, చివరి చోట ఆట ముగిసేదాకా అది రహస్యమే. ప్యాకెట్ ఫైలు టీమ్ అందరూ చూసే ఫోల్డర్‌లో కాకుండా, రాసినవాళ్లకి మాత్రమే తెరుచుకునే చోట పెట్టండి.

సెట్ విడుదలయ్యాక ఎడిటర్ చేతి నుంచి వచ్చిన రూపాన్ని మీ మొదటి ప్రతి పక్కన పెట్టి ఒక్కో మార్పూ చూడండి. ఏ క్లూ కిందికి జరిగింది, ఏది పోయింది, ఆన్సర్‌లైన్‌లో ఏం చేరింది. ఏ క్లూ దగ్గర ఎంతమంది నొక్కారో ప్రకటించే టోర్నమెంట్లు కూడా ఉన్నాయి. ఆ వివరాలు దొరికితే మీ అంచనాని వాటితో సరిపోల్చుకుని, తర్వాతి ప్యాకెట్ జవాబుల షీట్ తెరవండి.